పేరు తెలియని జ్వరం: సిలిగురి నుండి కోజికోడ్ వరకు

ఆసుపత్రిలో చేరిన రోగికి జ్వరమున్నదని చెప్పుట సులభం. ఆ జ్వరానికి మూలమేమిటో చెప్పుట కష్టం. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ, మెదడువాపు వంటి వ్యాధులు ఆరంభంలో ఇంచుమించు ఒకే విధంగా కనిపిస్తాయి. వీటిలో వైరస్ వలన వచ్చేవాటిని పోల్చుకొనుట మరింత కష్టం. వైరస్ సాధారణ సూక్ష్మదర్శినికి చిక్కదు. జీవకణం లోపల తప్ప పెరుగదు. కాబట్టి రోగిని చూచి వైద్యుడు ఊహించగలడే గాని, ఆ ఊహను రుజువు చేయవలసినది ప్రయోగశాల.

అయితే ప్రయోగశాల ఒక్కటే చాలదు. వైరస్ పేరు తెలిసిన తర్వాత అది ఎవరి నుండి ఎవరికి, ఎక్కడ, ఏ రోజున సంక్రమించిందో తెలిసికొనకపోతే వ్యాధి ఆగదు. రోగ నిర్ధారణ, సంక్రమణ పరిశీలన అనే ఈ రెండు పనులు బండికి రెండు చక్రాల వంటివి. మన దేశంలో పదిహేడేండ్ల వ్యవధిలో నిపా వైరస్ వలన సంభవించిన రెండు ఉపద్రవాలు ఈ సత్యాన్ని స్పష్టంగా బోధిస్తున్నవి.

నిపా: పేరు వచ్చిన విధం

1998 సెప్టెంబరులో మలేషియాలోని పందుల పెంపకందారులలో మెదడువాపు వ్యాధి కనిపించింది. అది దోమల ద్వారా వ్యాపించే జపాన్ మెదడువాపు అని మొదట భావించి, దోమల నివారణకు, టీకాలకు పూనుకొన్నారు. వ్యాధి తగ్గలేదు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయానికి చెందిన వైద్య శాస్త్రజ్ఞుడు చువా కా బింగ్ ఒక కొత్త వైరస్‌ను వేరుచేయగలిగారు. రోగి నివసించిన సుంగై నిపా అనే గ్రామం పేరే దానికి స్థిరపడింది. మలేషియాలో 265 మందికి వ్యాధి సోకగా 105 మంది మరణించారు. పది లక్షలకు పైగా పందులను వధించవలసి వచ్చింది.

పండ్లు తిని జీవించే పెద్ద గబ్బిలాలు ఈ వైరస్‌కు సహజమైన ఆశ్రయం. గబ్బిలాలకు దాని వలన హాని కలుగదు. మలేషియాలో అది పందుల ద్వారా మనుషులను చేరింది. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు మలినం చేసిన పచ్చి ఖర్జూరపు నీరా ద్వారా చేరింది. ఒకసారి మనిషిని చేరిన పిమ్మట, సన్నిహితంగా సేవచేసే వారికి ఉమ్మి, దగ్గు తుంపరలు, ఇతర శరీర ద్రవాల ద్వారా సోకుతుంది. కనుకనే ఈ వ్యాధికి ఆసుపత్రి ఒక్కొక్కప్పుడు చికిత్సాలయమే కాక, వ్యాప్తి కేంద్రం కూడా కాగలదు.

సిలిగురి, 2001

పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్‌లకు చేరువలో ఉన్న నగరం. ఈశాన్య రాష్ట్రాలకు వాకిలి వంటిది. 2001 జనవరి, ఫిబ్రవరి మాసాలలో అక్కడ అంతుపట్టని జ్వరం వ్యాపించింది. జ్వరం, తలనొప్పి, స్పృహ తప్పుట దాని లక్షణాలు. 66 మందికి వ్యాధి సోకినట్లు గుర్తించగా, వారిలో 45 మంది కన్నుమూశారు. రోగులలో నాలుగింట మూడు వంతుల మందికి ఏదో ఒక విధంగా ఆసుపత్రితో సంబంధమున్నది. వారిలో ఆసుపత్రి సిబ్బంది ఉన్నారు. రోగులను చూడవచ్చినవారు కూడా ఉన్నారు.

ఆనాడు జరిపిన పరీక్షలలో కారణం బయటపడలేదు. పొరుగుననే ఉన్న బంగ్లాదేశ్‌లో నిపా వ్యాధిని గుర్తించిన తర్వాత శాస్త్రజ్ఞుల దృష్టి మళ్ళీ సిలిగురి వైపు మరలింది. భద్రపరచి ఉంచిన నమూనాలను తిరిగి పరీక్షించారు. 18 మంది రోగులలో 9 మంది రక్తంలో నిపాను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు కనిపించాయి. అయిదుగురి మూత్రంలో వైరస్ జన్యుపదార్థం దొరికింది. ఈ ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. అంటే వ్యాధి పేరు లోకానికి తెలియడానికి సుమారు అయిదేండ్లు పట్టింది. మరణించినవారికి ఆ పేరు వలన ప్రయోజనం లేకపోయినా, నమూనాలను పారవేయక దాచి ఉంచినందువలననే భారతదేశంలో నిపా ఉన్నదనే సంగతి రుజువైనది. రాబోయే వైద్యులకు అది హెచ్చరిక అయినది.

పరీక్షలు పనిచేయు విధం

వైరస్‌ను కనుగొనడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నవి. మొదటిది వైరస్‌నే వెదకుట. నిపా జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ. దానిని ముందుగా డి.ఎన్.ఏ. రూపంలోకి మార్చి, పి.సి.ఆర్. అనే ప్రక్రియ ద్వారా వృద్ధి చేస్తారు. ఒక్కొక్క ఆవృత్తిలో అది రెట్టింపవుతుంది. ఒక్క ప్రతితో మొదలైనా, ముప్పది ఆవృత్తులు పూర్తయ్యేసరికి వంద కోట్లకు మించిన ప్రతులు తయారవుతాయి. గడ్డివామిలో పడిన సూదిని వెదకుటకు బదులు, ఆ సూదులే వామి అంతయ్యేటట్లు చేయుట వంటిది ఈ ప్రక్రియ. దీని కొరకు గొంతులోని స్రావం, రక్తం, మూత్రం, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం సేకరిస్తారు.

రెండవది, వైరస్‌ను ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను వెదకుట. ఇవి వ్యాధి మొదలైన వెంటనే కాక, కొన్ని రోజుల తర్వాత కనిపిస్తాయి. ముందుగా ఐ.జి.ఎమ్., తర్వాత ఐ.జి.జి. అనే రకాలు ఏర్పడతాయి. మొదటిది ఇటీవలి సంక్రమణకు గుర్తు. రెండవది చిరకాలం నిలిచి ఉంటుంది.

కాబట్టి ఏ రోజున ఏ పరీక్ష చేయించాలో తెలియుట అవసరం. తొలి దినాలలో ప్రతిరక్షకాల పరీక్ష మాత్రమే చేసి, ఏమీ లేదని నిశ్చింతగా ఉండుట ప్రమాదకరం. ఆలస్యంగా గొంతు స్రావాన్ని మాత్రమే పరీక్షించినా పొరపడవచ్చు. లేదని వచ్చిన ఒక్క ఫలితం రోగం లేదనుటకు ఎల్లప్పుడూ నిదర్శనం కాదు. నమూనాను మూడు పొరలుగా భద్రపరచి, చల్లదనం చెడకుండా చేరవేయుట కూడా పరీక్షలో భాగమే. దారిలో చెడిన నమూనాకు ఎంత గొప్ప యంత్రమైనా జవాబు చెప్పలేదు.

కోజికోడ్, 2018

2018 మే మాసంలో కేరళలోని కోజికోడ్ జిల్లాలో ఒక యువకుడు మెదడువాపు లక్షణాలతో మరణించాడు. కొద్ది రోజులకే అతని సోదరుడు అదే తీరు జబ్బుతో మే 17న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. కుటుంబంలో మరికొందరు కూడా జబ్బుపడినట్లు తెలిసింది. ఒకే ఇంటిలో వరుసగా ఇట్లు జరుగుట అక్కడి వైద్యులకు అనుమానం కలిగించింది. ఏ యంత్రమూ ఈ అనుమానాన్ని పుట్టించలేదు. ఇంటిలో ఇంకెవరికైనా జ్వరం వచ్చిందా అని అడిగిన ప్రశ్న నుండి అది పుట్టింది.

నమూనాలు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని మణిపాల్‌లో ఉన్న వైరస్ పరిశోధన కేంద్రానికి చేరాయి. అక్కడ నిపా ఆనవాళ్లు కనిపించాయి. మే 20న పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దానిని ధృవపరచింది. సిలిగురిలో ఏండ్లు పట్టిన పని ఇక్కడ కొద్ది దినాలలో ముగిసింది. 1952లో వైరస్ పరిశోధన కేంద్రంగా స్థాపితమైన పుణె సంస్థలో, అత్యంత ప్రమాదకరమైన వైరస్‌లను పరీక్షించుటకు నాలుగవ స్థాయి భద్రత గల ప్రయోగశాల 2012 నాటికి సిద్ధమై ఉండుట ఇందుకు తోడ్పడింది.

పేరు తెలియగానే రెండవ పని ఆరంభమైనది. ప్రతి రోగికి జ్వరం ఏ రోజున మొదలైనది, అంతకు పూర్వం రెండు వారాలలో ఎక్కడెక్కడ ఉన్నాడు, ఎవరు సేవచేశారు, పక్క మంచంపై ఎవరున్నారు అనే వివరాలతో పట్టిక తయారుచేశారు. వైరస్ శరీరంలో ప్రవేశించిన తర్వాత లక్షణాలు కనబడుటకు పట్టే కాలం అక్కడ 6 నుండి 14 రోజులుగా తేలింది. జ్వరం మొదలైన తేదీ నుండి అన్ని రోజులు వెనుకకు లెక్కిస్తే వ్యాధి సోకిన చోటు బయటపడుతుంది. ఆ లెక్క ప్రకారం మొత్తం 23 మంది రోగులలో మొదటివాడు తప్ప తక్కినవారందరికీ మూడు ఆసుపత్రులలోనే వ్యాధి సోకినట్లు వెల్లడైనది. వారిలో 18 మందికి పరీక్షల ద్వారా నిర్ధారణ జరిగింది. మొదటి రోగి పరీక్ష జరుగకముందే మరణించాడు. పరీక్ష చెప్పలేకపోయిన అతని సంగతిని పట్టిక చెప్పింది.

ఆ 23 మందిలో ఇద్దరే బ్రతికారు. మృతులలో మొదటి రోగికి సేవచేసిన పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుదుస్సేరి ఒకరు. ఆమె మే 21న మరణించింది. ఆమె సేవచేసిన నాటికి ఆ జ్వరానికి పేరు లేదు. పేరు తెలియని జ్వరానికి ఎంత జాగ్రత్త అవసరమో ఎవరికీ తెలియదు. నిర్ధారణలో జాప్యానికి మొదట మూల్యం చెల్లించేది రోగి పక్కన నిలిచినవారే అని ఆమె మరణం గుర్తుచేస్తున్నది.

రోగులతో సంబంధంలోనికి వచ్చిన రెండు వేలకు పైగా వ్యక్తులను గుర్తించి పరిశీలనలో ఉంచారు. ఇండ్లలోనే ఉండవలసిన కుటుంబాలకు ఆహార పదార్థాలు అందజేశారు. ఇది దయాకార్యం మాత్రమే కాదు. ఇంటిలో తిండి లేనివాడు పనికి పోక తప్పదు. భయపడినవాడు నిజం చెప్పడు. ప్రజల విశ్వాసం లేనిదే ఏ పట్టికా పూర్తి కాదు.

పాత విద్య, కొత్త సాధనాలు

వ్యాధి సోకినవారిని వెదకి, వారి చుట్టూ ఉన్నవారిని కనిపెట్టి ఉండు విధానం మనకు కొత్త కాదు. ఇంటింటికీ తిరిగి మశూచి రోగులను వెదకిన కార్యకర్తల కృషి వలననే 1975లో భారతదేశంలో ఆ వ్యాధికి అంతం కలిగింది. నేడు పి.సి.ఆర్. యంత్రాలు, జన్యుక్రమ విశ్లేషణ తోడైనవి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో వైరస్ నిర్ధారణ ప్రయోగశాలలు వివిధ రాష్ట్రాలలో నెలకొన్నవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో గల ప్రయోగశాల వాటిలో ఒకటి.

ఫలితం కనిపిస్తూనే ఉన్నది. 2019లో ఎర్నాకుళం జిల్లాలో నిపా ఒక్క రోగికే పరిమితమైనది, అతడు కోలుకొన్నాడు. 2021లో కోజికోడ్ జిల్లాలో ఒక బాలుడు మరణించినా, వ్యాధి మరొకరికి సోకలేదు. 2023లో ఆరుగురికి సోకగా ఇద్దరు మరణించారు. నిపాకు నేటికీ ఆమోదం పొందిన టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని లేదు. కాబట్టి మన చేతిలో ఉన్న ఆయుధం కాలమే.

ఆ కాలాన్ని ఆదా చేయడానికి మహానగరాల ప్రయోగశాలలు ఎంత అవసరమో, తాలూకా ఆసుపత్రిలో చేరిక పుస్తకం సరిగా వ్రాసే గుమాస్తా, రోగి బంధువులను ఓపికగా ప్రశ్నించే వైద్యుడు, నమూనాను జాగ్రత్తగా మూటకట్టే సహాయకుడు అంతే అవసరం. గబ్బిలానికి రాష్ట్రాల సరిహద్దులు లేవు. వైరస్‌కు భాష తెలియదు. కేరళలో రోగి, కర్ణాటకలో పరీక్ష, మహారాష్ట్రలో ధృవీకరణ, బెంగాల్‌లో పూర్వానుభవం, ఇవన్నీ ఒకదానికొకటి అందినప్పుడే పేరు తెలియని జ్వరానికి సకాలంలో పేరు దొరుకుతుంది.