ఇంటి టెలివిజన్‌కు కేబులా, డిష్షా?

మన పాఠశాలలో బిడ్డలు తెలుగు వినునది దినమునకు కొన్ని గంటలు మాత్రమే. తక్కిన కాలమున వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో వారి చెవిని పడుచుండును. అందు దోషము లేదు. మనము నివసించు సీమ యొక్క భాష మన బిడ్డలకు వలసినదే. కాని యింట తెలుగు తగ్గినచో ఆ కొఱత తీర్చుటకు వేఱొక చోటు లేదు. కావున టెలివిజన్‌కు ఏ కనెక్షను తీసికొనవలెనను ప్రశ్న ఇతరులకు డబ్బు లెక్కయే కావచ్చును. మనకు భాష లెక్క కూడ. తల్లిదండ్రుల యుపయోగార్థము ఈ విషయమును సంగ్రహముగా వివరించుచున్నాము.

కేబులునకును డిష్షునకును కార్యక్రమములు చాలవఱకు ఆకాశమునుండియే వచ్చును. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహములు భూమితో సమముగా తిరుగుటచేత ఒకే చోట నిలిచియున్నట్లుండును. కేబులు పద్ధతిలో ఆపరేటరు పెద్ద గొడుగులతో ఆ ప్రసారములను గ్రహించి తీగ ద్వారా ఇంటింటికి పంపును. డిష్ పద్ధతిలో మన మిద్దెమీది చిన్న గొడుగే వానిని నేరుగా అందుకొనును. రెండింటికిని సెట్‌టాప్ బాక్సు కావలెను. భేదమంతయు ఈ కడపటి మజిలీలోనే యున్నది.

ఉపగ్రహము ద్వారా తెలుగు వినబడుట నేటి మాట కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వఱకు జరిగిన ‘సైట్’ అను ప్రయోగములో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు అందినవి. ఆ ప్రసార భాషలలో తెలుగు ఒకటి.

కేబులు గుణములు ఇవి. గొడుగు పెట్టుకొను శ్రమ లేదు. వానకాలమున చిత్రము ఆగిపోవుట తక్కువ. చెడినప్పుడు బాగుచేయువాడు సాధారణముగా ఆ పేటలోనే యుండును. ఊరి వార్తలు చెప్పు స్థానిక ఛానలు కూడ కొన్నిచోట్ల లభించును. లోపమేమనగా, తీగమీద ఏ ఛానళ్ళు రావలెనో నిర్ణయించువాడు ఆపరేటరు. చుట్టుప్రక్కల ఏ భాషవారు హెచ్చుగా నున్నారో ఆ భాష ఛానళ్ళకే అతడు పెద్దపీట వేయును. వ్యాపారరీత్యా అది సహజమే. యానాము గోదావరీ తీరమున తెలుగు సీమ నడుమనే యుండుటచేత అచటివారికి ఈ చిక్కు లేదు. షోలాపురములోనో, బెంగుళూరులోని ఒక క్రొత్త పేటలోనో నున్నవారు మాత్రము ముందుగా విచారింపవలెను.

డిష్‌నకు రాష్ట్రపు టెల్లలతో పని లేదు. హైదరాబాదులో వచ్చు తెలుగు ఛానలు అదే సంస్థ గొడుగునకు బరంపురములోను, హోసూరులోను వచ్చును. ఉద్యోగమున బదిలీ యైనచో పెట్టెను, గొడుగును వెంట తీసికొనిపోవచ్చును. కాని దక్షిణపు ఆకాశము, అనగా ఆగ్నేయమునుండి నైఋతి వఱకు గల దిక్కులలో ఉపగ్రహమున్న వైపు, చెట్టో మేడయో అడ్డము లేకుండవలెను. అద్దె యింటివారు యజమాని యనుమతి పొందవలెను. డిష్‌నకు వాడు తరంగములను వానచినుకులు పీల్చుకొనునుగాన జడివానలో కొంతసేపు చిత్రము నిలిచిపోవును. ఒక సంస్థ పెట్టె మఱియొక సంస్థకు సాధారణముగా పనికిరాదు.

నెలచందా భరింపలేని కుటుంబములకు దూరదర్శన్ వారి ఉచిత డిష్ కలదు. 2004 డిసెంబరులో ప్రారంభమైన ఈ సేవకు గొడుగు, పెట్టె కొనుటయే ఖర్చు; నెలచందా లేదు. సప్తగిరి, యాదగిరి ఛానళ్ళు అందు లభించును. చందా కట్టవలసిన ఛానళ్ళు మాత్రము అందులో రావు.

ఇక డబ్బు సంగతి. 2019లో అమలునకు వచ్చిన నిబంధనలచేత చందాదారు తనకు కావలసిన ఛానలును విడిగా కోరుకొనవచ్చును. దాని గరిష్ఠ ధర ప్రకటింపబడి యుండవలెను. అదిగాక ప్రతి నెలయు మూలరుసుము ఒకటి యుండును. దీనికి గల ప్రభుత్వ పరిమితి 2024లో తొలగింపబడినది గనుక ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా పుచ్చుకొనవచ్చును. కావున ఆపరేటరును, డిష్ సంస్థవారిని ఈ ప్రశ్నలడిగి సమాధానములు కాగితముమీద వ్రాయించుకొనుడు:

1. మీరిచ్చు తెలుగు ఛానళ్ళు ఏవి? వార్తలు, బాలల కార్యక్రమములు ఏ ఛానళ్ళలో వచ్చును?
2. వానిని విడిగా తీసికొన్నచో పన్నులతో కలిపి నెలకెంత?
3. పెట్టెకు, గొడుగునకు, అమర్చుటకు మొదట ఎంత?
4. చెడినచో ఎన్ని దినములలో బాగుచేయుదురు?

మొత్తము మూడువందల ఛానళ్ళని చెప్పినంతమాత్రమున లొంగిపోరాదు. ఆ మూడువందలలో ఇంటిలోని అవ్వకును మనుమరాలికిని కలిసి చూడదగినవి నాలుగు లేనిచో, ఆ సంఖ్యవలన మనకు ప్రయోజనము లేదు.

మా యభిప్రాయమిది: మీ ఆపరేటరు మీకు వలసిన తెలుగు ఛానళ్ళను సరసమైన ధరకు ఇచ్చుచున్నచో కేబులును విడువనక్కరలేదు. ఇయ్యనిచో మొదట ఆ పేటలోని తెలుగు కుటుంబములవారు పదిమంది కలిసి అడుగవలెను. ఒక్కరడిగిన మాటకంటె పది ఇండ్లవారి మాటకు విలువ హెచ్చు. అప్పటికిని ఫలింపనిచో డిష్ పెట్టించుకొనుట మేలు. ఇంటర్నెట్ ద్వారా చూచు మార్గమును కలదు. కాని ఎవరి ఫోను వారు పట్టుకొని కూర్చున్న యింట మాటలు తగ్గిపోవును.

ఒక హెచ్చరిక. టెలివిజన్ చెవికి తెలుగు నిచ్చును గాని చేతికి అక్షరము నియ్యదు. దినమునకు ఒక్క కార్యక్రమము నియమించుకొని, బిడ్డ ప్రక్కన కూర్చుండి చూచి, అటుపిమ్మట తాను చూచినదానిని తెలుగులో చెప్పుమని అడుగుడు. మరునాడు అందులో రెండు వాక్యములు వ్రాయింపుడు. అట్లు చేసిననాడు మీరు కట్టిన చందా సార్థకమగును. బడిలో మేము చేయు పనికిని తోడగును.