పెద్ద మాటను విడదీయుట ఎట్లు?

బెంగుళూరులోని మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు కూడ నిత్యపరిచితములు. చిన్న మాటలను వారు చక్కగా చదువుదురు. పొడవైన సమాసము కనబడినంతనే నిలిచిపోవుదురు. లేదా అర్థము పట్టక అక్షరములను మాత్రము అప్పగించుదురు. ఇంటివద్ద చదివించు తల్లిదండ్రులకు ఉపకరించునని ఈ పాఠము వ్రాయుచున్నాను.

మాటను విడదీయుట రెండు విధములు. ఒకటి అక్షరవిభాగము, అది నాలుక కొఱకు. రెండవది పదవిభాగము, అది అర్థము కొఱకు.

'బసవనగుడి' అను పేరు పిల్లలు బస్సు బోర్డుపై చూచునదే. అక్షరములు ఆఱు: బ-స-వ-న-గు-డి. పదములు రెండే: బసవన, గుడి. 'బసవ-నగుడి' అని ఆపి చదివినచో ఒక్క అక్షరమైనను పోలేదు. గుడి మాత్రము పోయినది.

ఇచ్చట అతుకు రెండక్షరముల నడుమ నున్నది కనుక సులభము. సంధి జరిగినచోట అతుకు అక్షరము లోపలనే దాగియుండును. 'విద్యాభివృద్ధి' చూడుడు. అక్షరములు: వి-ద్యా-భి-వృ-ద్ధి. ఒత్తు తన హల్లును విడిచిపోదు గనుక పంక్తి చివర చోటు చాలకున్నను 'ద్యా', 'ద్ధి' అనువానిని చీల్చి వ్రాయరాదు. చదువునపుడు మాత్రము ఒత్తు బలము ముందరి అక్షరముపై పడును. అందుచేతనే ఛందస్సులో 'వి', 'వృ' గురువులైనవి. ఇక పదములు: విద్యా, అభివృద్ధి. 'ద్యా'లోని దీర్ఘము రెండు పదములకును ఉమ్మడి సొత్తు. 'విద్యా-భివృద్ధి' అని విఱిచినచో 'భివృద్ధి' ఏ నిఘంటువునందును దొరకదు. కలిసిపోయిన అకారమును తిరిగి నిలిపినగాని అది పదము కాదు.

తెలుగు మాటలలో హల్లు సైతము మాఱును. తల్లి, తండ్రి కలిసి 'తల్లిదండ్రులు'. అన్న, తమ్ముడు కలిసి 'అన్నదమ్ములు'. ద్వంద్వసమాసమున పరుషములకు గసడదవలు వచ్చునని చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సూత్రించెను. కన్నడమునందును ఇట్టిదే కలదు. మళె అనగా వాన. అది 'కాల'తో కలిసి 'మళెగాల' అగును. దానిని కన్నడ పాఠమున ఆదేశసంధి యందురు. కావున ఒక భాష రెండవదానికి అడ్డుకాదు, తోడగును.

ఇంటివద్ద ఇట్లు చేయుడు. మొదట అక్షరములను ఎడమెడముగా పలికింపుడు. పిమ్మట ఎఱిగిన మాట ఎక్కడ కనబడుచున్నదో వెదకింపుడు. తరువాత రెండు ముక్కలును వేర్వేఱుగా నిలుచునా యని పరీక్షింపుడు. నిలువనిచో కలిసిపోయిన అచ్చునో, మాఱిన హల్లునో తిరిగి తెప్పింపుడు. తుదకు మాటనంతయు కలిపి ఒక్క ఊపిరిలో చదివింపుడు. ఈ చివరి మెట్టును మఱువరాదు. విడదీయుట కలుపుట కొఱకే.

సాధనకు: గ్రంథాలయము, సూర్యోదయము, మహోత్సవము, రామేశ్వరము, కూరగాయలు. జవాబులు ఇచ్చట వ్రాయలేదు. వానిని పిల్లలే మీకు చెప్పవలెను.