సర్వీసింగ్ షాపు నీటిలో నూనె – వేరు చేద్దాం, తిరిగి వాడుదాం

మన హాస్టల్లో చదివి, ఐటీఐ పూర్తిచేసి మెకానిక్ షెడ్లలో, వాటర్ సర్వీసింగ్ షాపుల్లో పనిచేస్తున్న అన్నలు ఎందరో ఉన్నారు. సెలవుల్లో అక్కడ పని నేర్చుకునే తమ్ముళ్లూ ఉన్నారు. ఆ షాపుల నుండి కాలువలోకి పోయే నూనెను ఎలా ఆపవచ్చో మేము చదివి తెలుసుకున్నది ఇక్కడ వివరిస్తున్నాము.

ఒక్క లీటరు ఎంత?

మోటారు సైకిల్‌కు ఆయిల్ మారిస్తే సుమారు ఒక లీటరు నల్ల ఆయిల్ దిగుతుంది. బరువు దాదాపు 870 గ్రాములు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం వాగులు, చెరువుల్లోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. లెక్క వేసి చూడండి: ఈ ఒక్క లీటరు 87,000 లీటర్ల నీటిని ఆ హద్దుకు చేరుస్తుంది!

సబ్బు చేసే పని

నూనె నీటికంటే తేలిక కనుక పైకి తేలుతుంది. అయితే స్టోక్స్ సూత్రం ప్రకారం బొట్టు వ్యాసం పదో వంతయితే, పైకి లేచే వేగం నూరో వంతవుతుంది. 0.15 మి.మీ. బొట్టు 60 సెం.మీ. లోతు నుండి 6 నిమిషాల్లో పైకి వస్తే, 0.015 మి.మీ. బొట్టుకు 10 గంటలు పడుతుంది. షాంపూ, ప్రెషర్ పంపు కలిసి నూనెను ఇలాంటి సన్నని బొట్లుగా విడగొడతాయి. రెండు సీసాల నీటిలో చెంచాడు చొప్పున నూనె పోసి, ఒకదానిలో సబ్బుపొడి కలిపి ఊపండి. సబ్బు లేనిది త్వరగా తేటపడుతుంది, రెండోది పాలలాగే ఉండిపోతుంది.

కావున సబ్బు తగలకముందే నూనెను పట్టుకోవాలి. ఇదే అసలు కీలకం. ఆయిల్ దింపేటప్పుడు కింద ట్రే పెట్టాలి. జిడ్డును ముందుగా పాతగుడ్డతో తుడిచి, తర్వాతే నీళ్లు కొట్టాలి.

రెండు డ్రమ్ముల పద్ధతి

గంటకు 400 లీటర్ల నీరు వాడే షాపులో నీరు అరగంట నిలవాలంటే 200 లీటర్ల చోటు కావాలి. అంటే ఒక ఆయిల్ డ్రమ్ము.

1. మొదటి డ్రమ్ములో మట్టి, ఇసుక దిగుతాయి.
2. రెండో డ్రమ్ములో నూనె పైకి తేలుతుంది.
3. బయటికి పోయే పైపు మూతి లోపల అడుగుకు జానెడు ఎత్తున ఉండాలి. అప్పుడు కింది నీరే పోతుంది, పైనున్న నూనె నిలిచిపోతుంది.
4. రోజూ నూనెను మగ్గుతో తీయాలి. అడుగు మట్టిని తరచూ ఎత్తాలి. ఆ మట్టిలోనూ జిడ్డు ఉంటుంది గనుక కాలువలో వేయరాదు.

తీసిన నూనె ఏమవుతుంది?

ఇంజన్ ఆయిల్ అరిగిపోదు, మురికవుతుంది. అందులో కలిపిన మందుల శక్తి తగ్గుతుంది. శుద్ధి కర్మాగారంలో నీటిని ఆవిరి చేసి, శూన్యంలో స్వేదనం చేసి, రంగు, వాసన తొలగిస్తే మళ్లీ మూలనూనె వస్తుంది. 2016 నియమాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుండి దీనిని రీసైకిల్ చేయించే బాధ్యత ఆయిల్ తయారీ కంపెనీలపైనా ఉంది.

ఇంజన్ నుండి దింపిన ఆయిల్‌ను, డ్రమ్ములో తేలిన నూనెను వేర్వేరు డబ్బాల్లో మూతపెట్టి ఉంచాలి. పెట్రోలు, థిన్నర్, కూలెంట్ కలిపితే అది శుద్ధికి పనికిరాకుండా పోవచ్చు. పొయ్యిలో కాల్చితే అందులోని లోహాలు పొగలో కలిసి మన ఊపిరితిత్తుల్లోకే చేరతాయి.

మా విన్నపం

నల్ల ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే చర్మ క్యాన్సర్ ప్రమాదం ఉంది. చేతులు పెట్రోలుతో కడగకండి, గ్లౌజులు వేసుకోండి. సొంత షాపు ఉన్న పూర్వ విద్యార్థులు ఈ రెండు డ్రమ్ములు పెట్టి, మన తమ్ముళ్లకు చూపించాలని కోరుతున్నాము. మన చేతులు, మన ఊరి చెరువు రెండూ బాగుండాలి.