పూలలోయలో ఒక పగలు

అల్లసాని పెద్దన ప్రవరుడు పాదలేపాన్ని నమ్ముకొని హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు లేపం కరిగిపోయింది. ఇల్లు చేరే ఉపాయం లేక చిక్కుపడ్డాడు. నేటి యాత్రికునికి లేపం లేదు. పగటి వెలుతురే ఆధారం.

ఉత్తరాఖండ్‌లోని పూలలోయ 1982లో జాతీయ ఉద్యానవనమైంది. 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లోయలో రాత్రి బస నిషిద్ధం. సుమారు 3,050 మీటర్ల ఎత్తున ఉన్న ఘాంఘరియాలో బస చేసి, ఉదయం వెళ్ళి సాయంకాలానికి మరలి రావాలి.

ఘాంఘరియా దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఒకటి లోయకు, మరొకటి హేమకుండ్ సాహిబ్‌కు. హేమకుండ్ ఆరు కిలోమీటర్లే కదా అని కొందరు తొందరపడతారు. కాని ఆ ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి! అంత ఎత్తున ప్రాణవాయువు తక్కువ. తలనొప్పి, వాంతులు మొదలై తగ్గకపోతే, గమ్యం కనుచూపు మేరలో ఉన్నా దిగిపోవాలి. లోయదారి అంత నిటారు కాదు. అందువల్ల మొదటినాడు లోయ, మరునాడు హేమకుండ్ చూడడం మేలని నా అభిప్రాయం.

పూలు విరివిగా పూసేది జూలై నడుమ నుండి ఆగస్టు నడుమ వరకు. వానలు దంచేదీ, కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే. కనుక ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి.

1939లో మొక్కల సేకరణకై వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆంగ్లవనిత ఇక్కడే జారిపడి మరణించింది. ఆమె సమాధి లోయలోనే ఉంది. అక్కడి వరకు నడిచినవారు మధ్యాహ్నం మించకుండా వెనుదిరగాలి.