ఫ్యూజు పీకినా షాక్ కొట్టింది

ఇంటి వెనక బోరు. దానికి సింగిల్ ఫేజు మోటారు. పొద్దున్నే కోడలు పచ్చ బటన్ నొక్కి పట్టింది. మోటారు తిరిగింది. బటన్ వదలగానే మూలిగి ఆగిపోయింది. కోడలు మెయిన్ ఆపింది. ఫ్యూజు కూడా పీకి గూట్లో పెట్టింది. ఆ తర్వాతే స్టార్టర్ డబ్బా మూత తీసింది. లోపల ఒక వైరు ఊడి ఉంది. దాన్ని పట్టుకోబోతే పక్కనున్న నల్ల గొట్టం కొనలకు వేళ్లు తగిలాయి. అంతే! చెయ్యి విసిరి కొట్టింది. వెనక్కి పడింది.

"ఫ్యూజు గూట్లోనే ఉంది గదే! కరెంటు ఎక్కడిది?" అంది అత్త.

మోటారు మెకానిక్ వచ్చాడు. "కొట్టింది ఈ కండెన్సరే పెద్దమ్మా" అన్నాడు.

కండెన్సర్‌నే కెపాసిటర్ అని కూడా అంటారు. మోటారు కదలడానికి మొదట ఒక తోపు కావాలి. ఆ తోపుకు సాయపడేది ఇదే. బటన్ వదలగానే దీని దారి తెగుతుంది. అప్పటికి లోపల ఎక్కిన కరెంటు అక్కడే నిలిచిపోతుంది. మెయిన్ ఆపితే బయటి కరెంటే ఆగుతుంది. కుళాయి కట్టేసినా బిందెలో నీళ్లు బిందెలోనే ఉంటాయి గదా!

బిందెకు అడుగున చిల్లి పడితే? నిండుగా ఉన్నప్పుడు నీళ్లు జోరుగా పోతాయి. తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. కండెన్సరూ అంతే. కొన్నింటికి రెండు కొనల మధ్య చిన్న రెసిస్టర్ ఉంటుంది. అదే దాని చిల్లి. 100 మైక్రోఫారడ్ల కండెన్సర్‌కు 1 లక్ష ఓముల రెసిస్టర్ ఉందనుకుందాం. లోపల 300 వోల్టులు నిలిచాయి. 10 సెకన్లకు 110 మిగులుతాయి. 20 సెకన్లకు 40. 30 సెకన్లకు 15. 50 సెకన్లకు 2 మాత్రమే. మొదటి 10 సెకన్లలోనే 190 పోయాయి, చూశారా!

ఈ ఇంటి డబ్బాలో రెసిస్టర్ లేదు. అది చిల్లి లేని బిందె. నిలవ కరెంటు చాలాసేపు ఉంటుంది. పైకి ఏమీ తెలియదు.

మెకానిక్ వైరు బిగించాడు. మోటారు ఒకసారి తిప్పి ఆపాడు. మెయిన్ తీసి, కండెన్సర్ కొనలకు చిన్న బల్బు వైర్లు తాకించాడు. బల్బు మినుక్కుమని ఆరింది. నిలవ దిగిపోయింది. ఇది అతను చేసే పనే, ఇంట్లో చేసేది కాదు.

మోటారులోని రాగి తీగ చుట్ట తీరు వేరు. అందులో కరెంటు ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా ఆగదు. బరువెక్కిన బండి అనుకోండి. స్విచ్ ఆపగానే, పారే కరెంటు ఆగలేక గాలిలోంచి దూకుతుంది. స్విచ్‌లో చిటుక్కుమనే నిప్పురవ్వ అదే. అందుకే స్విచ్ టక్కున ఆపాలి. సగం సగం నొక్కితే రవ్వ నిలిచి లోపలి బిళ్లలు కాలతాయి.

నీళ్లు వచ్చాయి. కోడలి చెయ్యి ఇంకా తిమ్మిరిగానే ఉంది. అత్త బొగ్గుముక్క తీసుకుని, డబ్బా పక్కన గోడమీద "ముట్టరాదు" అని రాసింది. ట కింద ఒత్తు మరిచింది. మళ్లీ దిద్దింది.