పాత ఇంటి విద్యుత్ పనికి అంచనా వేసే విధానం

చెన్నై నగరంలోని జార్జిటౌను, చింతాద్రిపేట, తిరువల్లిక్కేణి వీధులలో ఒకదానికొకటి ఆనుకొని నిలిచిన పాత ఇళ్లు నేటికీ అనేకం ఉన్నాయి. ఇటువంటి ఇంటిని మరమ్మతు చేయించే గృహస్థులకు తరచుగా లెక్క తప్పేది విద్యుత్ పనిలోనే. తాపీపని, వడ్రంగం కంటికి కనిపిస్తాయి. తీగలు మాత్రం గోడలలోను, దూలాల వెనుకను దాగి ఉంటాయి. గుత్తేదారు తాను చూచినదానికి ముందు ధర చెబుతాడు. చూడనిదానికి పని సగంలో ఉండగా అడుగుతాడు. అప్పటికి గోడలు పగిలి ఉంటాయి కనుక ఇంటివారికి కాదనే వీలుండదు. అంచనాలో తెలిసినదానిని, తెలియనిదానిని వేరువేరుగా వ్రాయించుకోవడమే ఈ చిక్కుకు తగిన ఉపాయం.

ముందు పరీక్ష, పిమ్మట లెక్క

అరుగుమీద కూర్చొని వేసిన అంచనాకు విలువ లేదు. లైసెన్సు గల వైర్‌మన్ మెయిన్ స్విచ్చి ఆపి, కనీసం మూడు చోట్ల బోర్డులు విప్పి చూడాలి. టేకు బద్దెలపై పరచిన తీగకు రబ్బరు పొర, దానిపై నూలు అల్లిక ఉన్నట్లయితే, ఆ తీగ నేడు దీపం వెలిగిస్తున్నా సరే, మొత్తం మార్చవలసినదే. ఏళ్లు గడిచిన రబ్బరు ఎండి, వంచగానే రాలిపోతుంది. పింగాణీ ఫ్యూజులు ఫేజుకు, న్యూట్రల్‌కు రెండింటికీ ఉన్నాయేమో గమనించాలి. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే కాలిపోతే దీపం ఆరుతుంది గాని, తీగలో విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది. దీపం ఆరినదని చేయి పెట్టినవారికి అది ప్రాణాంతకం.

ప్లాస్టిక్ పొర గల తీగలైతే, ఉపకరణాలు, బల్బులు తొలగించి, మెగ్గరుతో 500 వోల్టుల పరీక్ష చేయించాలి. ఒక మెగోమ్ కంటె తక్కువ నిరోధం చూపిన సర్క్యూటును పాత తీగతో కొనసాగించరాదు.

మరొక పరీక్షను చాలమంది విస్మరిస్తారు. ఒక గది ఫేజు, పక్క గది న్యూట్రల్ కలిసిపోయి ఉండటం పాత ఇళ్లలో మామూలే. అప్పుడప్పుడు ఒక్కొక్క పాయింటు చేర్చుకుంటూ పోయిన ఇంట్లో అలాగే జరుగుతుంది. సగం ఇంటికి మాత్రమే కొత్త వైరింగు చేయించి, అక్కడ లీకేజీని పసిగట్టే ఆర్.సి.సి.బి. బిగిస్తే, ఈ కలగలుపు వల్ల అది మాటిమాటికి పడిపోతుంది. విసిగిన పనివాడు దానిని తప్పించి నేరుగా తీగ కలిపి వెళ్లిపోతాడు. రక్షణకు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది, ఇంటివారికి ఆ సంగతి తెలియదు కూడా. కనుక సగం ఇంటి పనికి అంచనా అడిగేటప్పుడు న్యూట్రల్ తీగలను విడదీసే ఖర్చును కూడా అడగాలి.

తీగ పొడవు

పాత ఇళ్ల కప్పులు ఎత్తైనవి. నేలమీద కొలిచి తీగ లెక్కిస్తే చాల తక్కువ వస్తుంది. ఉదాహరణకు బోర్డు నుండి వంటగది సాకెట్టుకు గోడవెంట 12 మీటర్లు ఉన్నదనుకుందాం. బోర్డు ఒకటిన్నర మీటరు ఎత్తున, కప్పు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే, తీగ రెండున్నర మీటర్లు పైకి వెళ్లి, 12 మీటర్లు సాగి, మీటరు ఎత్తున ఉన్న సాకెట్టుకు మూడు మీటర్లు దిగుతుంది. మొత్తం 17.5 మీటర్లు. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడింటికి 52.5 మీటర్లు, ముక్కలుగా పోయేదానికి పదోవంతు కలిపితే సుమారు 58 మీటర్లు. నేలకొలత ప్రకారం వేసినవారు 36 మీటర్లే వ్రాస్తారు. బజారులో తీగ చుట్ట సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. ఎన్ని చుట్టలు కావాలో ఈ లెక్కతోనే తేలుతుంది.

గోడలు, కప్పు

మద్రాసు టెర్రసు కప్పులో టేకు దూలాలపై ఇటుకలను నిలబెట్టి సున్నంతో కడతారు. కాంక్రీటు శ్లాబులో వలె దానిలో పైపులు దాచడానికి వీలులేదు. తీగ దూలాల పక్కగా పైపైన సాగవలసిందే. ఫ్యాను కొక్కెం పట్టిన దూలానికి చెదలు పట్టిందేమో వడ్రంగితో చూపించుకోవాలి. సున్నపు గోడలో గాడి కోస్తే, కోసినంత మేరకే గచ్చు ఊడదు. చుట్టూ పెల్లలుగా లేస్తుంది. ఆ భాగాన్ని సిమెంటుతో పూడిస్తే గోడలోని చెమ్మ బయటికి పోక పక్కన పొక్కులు తేలుతాయి. సున్నంతోనే పూడ్చే ఖర్చు, దానికి వచ్చే తాపీవాని కూలి అంచనాలో చేరాలి. అడ్డంగా పొడవైన గాళ్లు కోయనీయకూడదు. బరువు మోసే గోడ బలహీనపడుతుంది. పొరుగింటితో ఉమ్మడి గోడ అయితే వారి సమ్మతి కావాలి. ఈ ఇబ్బందులన్నీ చూచినప్పుడు, పైకి కనబడే కేసింగు-క్యాపింగే పాత ఇంటికి మేలని మా అభిప్రాయం. అందం కొంత తగ్గినా, మరల విప్పి చూచే సౌకర్యం ఉంటుంది.

భారం

ఇంట్లో గీజరు 2000 వాట్లు, ఏసీ 1700, ఇస్త్రీపెట్టె 1000, మిక్సీ 750, నీటి మోటారు 500, ఫ్రిజ్ 200, ఐదు ఫ్యాన్లు 375, దీపాలు, టీవీ కలిపి 240 అనుకుంటే మొత్తం 6765 వాట్లు. 230 వోల్టుల వద్ద ఇది 29 ఆంపియర్లకు పైమాటే. ఇవన్నీ ఒకేసారి నడవవు, నిజమే. అయినా దీపాలకు, ఫ్యాన్లకు మాత్రమే తీసుకున్న నాటి సర్వీసు దీనికి చాలదు. మంజూరైన భారం పెంచడానికి సరఫరా సంస్థకు చెల్లించే రుసుము, మీటరు నుండి బోర్డు దాకా వచ్చే లావు తీగ ఖరీదు చాల అంచనాలలో కనిపించవు.

ఎర్త్

పూర్వం ఇనుప నీటిపైపుకే ఎర్త్ తీగ చుట్టిన ఇళ్లున్నాయి. స్నానాలగది మరమ్మతులో ఆ పైపు తీసి ప్లాస్టిక్ పైపు వేయగానే ఇంటికి ఎర్త్ లేకుండా పోతుంది. దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక ఎవరికీ తెలియదు. గీజరు లీకైన నాడు తెలుస్తుంది. ప్లంబరు అంచనాను, వైర్‌మన్ అంచనాను పక్కపక్కన పెట్టుకొని చదవాలని చెప్పడం ఇందుకే. కొత్త ఎర్త్‌కు రెండున్నర మీటర్ల ఇనుప పైపు దించే చోటు పెరట్లో ఉందో లేదో ముందే చూచుకోవాలి.

అంచనా వ్రాత

కొలిచి తేల్చిన పాయింట్లు, తీగలు, బోర్డులు మొదటి భాగంలో పరిమాణంతోను, ధరతోను ఉండాలి. గాళ్లు, పూడ్పు, దూలాల వెనుక బయటపడే పాత తీగ తొలగింపు వంటివి రెండవ భాగంలో మీటరుకు ఇంత అని ధర మాత్రమే ఉండి, పని జరిగిన కొలది కొలిచి చెల్లించేవిగా ఉండాలి. మొత్తానికి ఒకే సంఖ్య వ్రాసిన కాగితాన్ని అంగీకరించవద్దు. రాగి ధర మారుతుంటుంది గనుక, అంచనా ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా వ్రాయించుకోవాలి.

డబ్బు చాలనప్పుడు పాయింట్ల సంఖ్య తగ్గించవచ్చు, ఖరీదైన స్విచ్చిలు మానవచ్చు, ఏసీకి తీగ తరువాత లాగేలా ఖాళీ పైపు మాత్రం వేయించవచ్చు. ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., తీగ మందం మాత్రం తగ్గించే జాబితాలోకి రాకూడదు. దీపాలకు 1.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అని అంచనాలోనే స్పష్టంగా ఉండాలి.

చివరి వాయిదా చెల్లించేముందు ప్రతి సర్క్యూటుకు మెగ్గరు రీడింగు, ఎర్త్ నిరోధం వ్రాసిన కాగితం, తీగలు సాగిన దారి చూపే చేతిపటం అడిగి తీసుకొని, ఆర్.సి.సి.బి. మీది పరీక్ష మీటను మీ ఎదుటనే నొక్కించి చూచుకోండి.