లేఖామర్యాద

మన పెద్దలు ఉత్తరము వ్రాయుటను ఒక విద్యగా భావించిరి. కాగితము తలకట్టున 'శ్రీ' యని వ్రాసి, ఊరును తేదీని వేసి, "మ. రా. రా. శ్రీ" అని గౌరవముతో సంబోధించి, తమ క్షేమము తెలిపి, ఎదుటివారి క్షేమము కోరి, "ఉభయకుశలోపరి" అనిన పిమ్మట అసలు సంగతికి వచ్చెడివారు. ఎవరు, ఎవరికి, ఎక్కడి నుండి, ఎందుకు వ్రాయుచున్నారో ఒక్క కార్డు ముక్కలోనే తెలిసిపోయెడిది. తంతివార్త సంగతి వేరు. దానికి మాటల లెక్కన రుసుము చెల్లింపవలసి యుండుటచే ప్రతి మాటను తూచి వ్రాసెడివారు. ఆ తంతి సేవ మన దేశమున 2013వ సంవత్సరము జూలైలో నిలిచిపోయినది.

కాలము మారినది. 1971లో రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి వేరొక కంప్యూటరునకు ఉత్తరము పంపు ఉపాయమును కనిపెట్టెను. మనిషి పేరునకును, ఉత్తరము చేరవలసిన కంప్యూటరు పేరునకును నడుమ 'ఎట్' అని పలుకు '@' గుర్తును ఉంచినవాడు ఆయనయే. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన ఇంటర్నెట్టు సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. నేడు ఈ-మెయిలు ఖండాంతరములకైనను క్షణములలో చేరుచున్నది. దానికి తపాలా బిళ్ళ అక్కరలేదు. మాటలకు వెల లేదు. వెల లేకపోవుటచే మాటలను తూచు అలవాటును కూడ చాలమంది మరచిపోయిరి.

విద్యార్థులారా! ఇందువలన కలుగు నష్టమును ఒక ఉదాహరణముతో తెలిసికొందము.

ప్రభుత్వ పాఠశాలలలోను, ఎయిడెడ్ పాఠశాలలలోను ఎనిమిదవ తరగతి చదువు పేద విద్యార్థుల కొరకు కేంద్రప్రభుత్వము 2008లో ఒక ఉపకారవేతన పథకమును ప్రారంభించినది. దానిని ఎన్.ఎం.ఎం.ఎస్. అందురు. పరీక్షలో ఎన్నికైన వారికి తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము వరకు ఏటా 12,000 రూపాయల చొప్పున, నాలుగేండ్లకు 48,000 రూపాయలు లభించును. కూలి చేసికొని బ్రదుకు కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు.

ఇట్లు ఎన్నికైన ఒక బాలికను ఊహింపుడు. పరీక్షాపత్రములలో ఆమె ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా నున్నది. ఆధార్ కార్డులో అది పూర్తిగా నున్నది. రెండును కలియనందున ఆమె దరఖాస్తు నిలిచిపోయినది. గడువు ఇంక వారము దినములే. ఆ బాలిక తండ్రి ఫోను తీసికొని జిల్లా విద్యాశాఖ కార్యాలయమునకు ఇట్లు వ్రాసినది:

"సార్ నా స్కాలర్‌షిప్ ఆగిపోయింది ప్లీజ్ సార్ త్వరగా చూడండి చాలా అర్జెంట్!!!"

విషయము తెలుపవలసిన చోటు ఖాళీగా నున్నది. క్రింద పేరు లేదు. మరునాడు అదే మాటను మరి మూడు మారులు పంపినది. ఆమె బాధ నిజమైనదే. కాని ఆ కార్యాలయమున ఉత్తరములు చూచు గుమాస్తా ఏమి చేయగలడు? ఈమె ఎవరు? ఏ మండలము? ఏ బడి? ఏ స్కాలర్‌షిప్? ఎందుచేత ఆగినది? ఇవేవియు తెలియక ఆయన తరువాతి ఉత్తరమునకు పోవును. దయ లేక కాదు, దారి లేక.

ఆమెయే కార్యాలయమునకు వెళ్ళి నిలుచున్నచో, ముఖము చూచి నాలుగు ప్రశ్నలు అడిగి సంగతి తెలిసికొందురు. ఈ-మెయిలు వెంట మన ముఖము పోదు, కంఠస్వరము పోదు, కంటి తడి పోదు. చదువువారికి మన అక్షరములే మనము. కనుక మనము ఎదుట నున్నచో ఏమేమి అడుగుదురో వాటికన్నిటికి ఉత్తరములోనే ముందుగా సమాధానము ఉండవలెను.

ఆ బాలిక తన ఉపాధ్యాయుని సలహాతో మరల వ్రాసిన ఉత్తరము చూడుడు:

విషయము: ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతనము – ఆధార్ ప్రకారము పేరు సవరణకు ప్రార్థన

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారములు. నేను ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతనమునకు ఎన్నికైన విద్యార్థినిని. ఎన్నికైనవారి జాబితాలో నా ఇంటిపేరు పొడి అక్షరముగా నున్నది. ఆధార్‌లో పూర్తిగా నున్నది. ఈ భేదము వలన నా దరఖాస్తు నిలిచిపోయినది. దరఖాస్తునకు గడువు ఈ నెల 30వ తేదీ. దయతో నా పేరును ఆధార్ ప్రకారము సవరింప ప్రార్థించుచున్నాను. హాల్‌టికెట్టు ప్రతిని, ఆధార్ ప్రతిని, మా ప్రధానోపాధ్యాయుల ధ్రువపత్రమును జతపరచితిని.

ఇట్లు,
తమ విధేయురాలు
(పూర్తి పేరు, తరగతి, పాఠశాల, మండలము, హాల్‌టికెట్టు సంఖ్య, తండ్రి ఫోను సంఖ్య)

ఇందు పట్టుమని పది వాక్యములు లేవు. అయినను గుమాస్తా మరొక ప్రశ్న అడుగనక్కరలేక జాబితా తీసి చూడగలడు. మర్యాద యనగా పొగడ్తలు గుప్పించుట గాని, "ప్లీజ్" అని పదిమారులు వ్రాయుట గాని కాదు. చదువువాని కాలమును వృథా చేయకుండుటయే మర్యాదలలో మేలైనది.

ఇట్టి ఉత్తరము వ్రాయుటకు కొన్ని మెలకువలు కలవు. ఈ-మెయిలు చిరునామా మీ పేరును తెలుపునదిగా నుండవలెను. సినిమా కథానాయకుని పేరుతో చిరునామా పెట్టుకొన్నచో స్నేహితులకు వినోదమే గాని అధికారికి మీరెవరో తెలియదు. విషయమును ఒక్క పంక్తిలో చెప్పుడు. ఉత్తరమును తెరువకముందే చదువరి చూచునది దానినే. తెలుగును తెలుగు లిపిలోనే వ్రాయుడు. ఇంగ్లీషు అక్షరములతో వ్రాసినచో 'కలము', 'కాలము' ఒకే తీరున కనబడును. జతపరచితినని వ్రాసిన పత్రములను నిజముగా జతపరచితిరో లేదో సరిచూచుకొనుడు. ఆధార్ ప్రతి పంపవలసి వచ్చినప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో ముందుగా విచారింపుడు.

ఉత్తరపు తలకట్టున 'సీసీ' అను చోటు కలదు. పూర్వము కాగితముల నడుమ నల్లని కార్బను కాగితము నుంచి రెండవ ప్రతి తీసెడివారు. ఆ 'కార్బన్ కాపీ' పేరే పొడి అక్షరములలో నేటికిని నిలిచినది. ఆ బాలిక ప్రధానోపాధ్యాయుని చిరునామాను అచ్చట వ్రాసినచో ఆయనకును సంగతి తెలియును. పంపవలసినవారి చిరునామాను మాత్రము అన్నిటికంటె చివర వ్రాయుట మంచిది. అప్పుడు సగము వ్రాసిన ఉత్తరము చేయి తగిలి పోవు భయముండదు.

వాట్సాప్ బృందములకును ఈ నీతియే వర్తించును. ఉపాధ్యాయుడు పాఠము కొరకు ఏర్పరచిన బృందము రచ్చబండ కాదు. అందు రాత్రి పదకొండు గంటలకు సందేహము లడుగుట, పది మందికి పనికిరాని బొమ్మలు పంపుట తగదు. అడుగదలచిన ప్రశ్న ఏ పాఠములోనిదో, ఎన్నవ పుటలోనిదో చెప్పి యడుగవలెను. సమాధానము వచ్చిన పిమ్మట ఒక్క మాటలో కృతజ్ఞత తెలుపవలెను. తోటివానిని ఎదుట నిలిచి అనలేని మాటను తెర చాటున నిలిచి అనుట పిరికితనము.

"పెదవి దాటిన పృథివి దాటును" అని మన సామెత. నోటి మాటకే అంత వేగమున్నచో, వ్రేలికొనతో పంపిన మాటకు ఎంత యుండునో ఆలోచింపుడు. జీమెయిలులో పంపిన ఉత్తరమును వెనుకకు తీసికొనుటకు హెచ్చుగా 30 సెకనుల వ్యవధి మాత్రమే కలదు. ఆ పిమ్మట అది ఎదుటివారి సొత్తు. వారు దానిని దాచవచ్చును, ఇతరులకు పంపవచ్చును. కావున కోపముతో వ్రాసిన దానిని వెంటనే పంపక, ఒక రాత్రి యుంచి ఉదయమున చదివి చూడుడు. అట్లే పాస్‌వర్డును, ఫోనునకు వచ్చు ఓ.టీ.పీ.ని ఎంత మర్యాదగా అడిగినను ఎవ్వరికిని తెలుపరాదు. పరిచయము లేనివారు వ్రాసినచో తల్లిదండ్రులకు చూపిన పిమ్మటనే జవాబు వ్రాయవలెను.

బాలలారా! రేపు మీరు కళాశాలలో ప్రవేశము కోరి, ఉద్యోగము కోరి, మీ ఊరికి మంచినీరు కోరి ఎందరికో వ్రాయవలసి యుండును. సిఫారసు చేయు పెద్దలు అందరికిని ఉండరు. కాని మీరెవరో, మీ కష్టమేమో, మీకు కావలసినదేమో స్పష్టముగా నాలుగు వాక్యములలో చెప్పు నేర్పు పేదవానికిని దక్కును. దానిని ఈనాడే అలవరచుకొనుడు.

ప్రశ్నలు

1. తంతివార్తలో ప్రతి మాటను తూచి వ్రాయుటకు కారణమేమి?
2. బాలిక వ్రాసిన రెండు ఉత్తరములకు గల భేదములను తెలుపుడు.
3. మీ పాఠశాల గ్రంథాలయమునకు కావలసిన పుస్తకములను గూర్చి ప్రధానోపాధ్యాయునకు ఒక ఈ-మెయిలు వ్రాయుడు.